బుధవారం డాక్టరు

చర్మాల డాక్టరుకి తోడల్లుడితో మొదట్లో ఏ పేచీ లేదు. పేచీ పడేంత ఎత్తులో తోడల్లుడు ఉండేవాడే కాదు. అతను ఊరికి ఆ చివర, మందుల షాపు పైన రెండు గదుల్లో మామూలు వైద్యం చేసుకునే మనిషి. దగ్గులు, జ్వరాలు, బీపీలు, చంటిపిల్లల కడుపునొప్పులు, సెలవు చీటీలు. ఈయనేమో పెద్దాసుపత్రి రెండో అంతస్తులో చర్మవ్యాధుల విభాగాన్ని ఇరవై రెండేళ్ళుగా ఒంటిచేత్తో నడిపిస్తున్న స్పెషలిస్టు. ఊళ్ళో అందరూ చర్మాల డాక్టరు అనేవాళ్ళు. ఆ మాటలో కాస్త తోళ్ళ వ్యాపారి వాసన ఉన్నా ఆయన పట్టించుకునేవాడు కాదు.

అత్తగారు ఎవరికైనా పరిచయం చేసేటప్పుడు "మా పెద్దల్లుడు స్పెషలిస్టు" అనేది గొంతు పెంచి. తర్వాత గొంతు దించి "చిన్నల్లుడూ డాక్టరే" అనేది. ఆ 'డూ' దగ్గర సాగే దీర్ఘం ఆయన చెవికి ఎంత కమ్మగా ఉండేదో ఎవరికీ తెలియదు. భార్యకి కూడా చెప్పుకోలేదు.

అలాంటి తోడల్లుడు చడీచప్పుడూ లేకుండా, రెండేళ్ళపాటు ఆదివారాలన్నీ తగలేసుకుని, చర్మవ్యాధుల్లో ఒక కోర్సు పూర్తిచేశాడని తెలిసిన రోజున ఆయన నవ్వాడు. "పాపం, ఆ వయసులో పరీక్షలేంటి అతనికి" అన్నాడు భార్యతో. సూపరింటెండెంటు మేడమ్ పిలిచి, అతన్ని వారానికి రెండు పూటలు ఇదే విభాగంలో పెడుతున్నామని చెప్పిన రోజున మాత్రం నవ్వు రాలేదు.

"రోజూ చర్మమే చూసే నాకే ఇంకా తెలియనివి బోలెడున్నాయి మేడమ్. వారానికి రెండు పూటలు చూసేవాడు ఏం చూస్తాడు?" అన్నాడు.

సూపరింటెండెంటు ఎముకల డాక్టరు. మాట కూడా ఎముక విరిచినట్టే ఉంటుంది. "ఇప్పుడు మీ దగ్గర అపాయింటుమెంటు కావాలంటే నాలుగు నెలలు పడుతోంది. మామూలు కేసులు ఆయన చూస్తారు. చిక్కు కేసులు మీకు పంపిస్తారు."

"ఏది మామూలో ఏది చిక్కో కనిపెట్టడమే కదండీ అసలు పని!"

మేడమ్ ఆ మాట కాదనలేదు. ఆవిడే మళ్ళీ, "నాలుగు నెలలు ఆగలేక మధ్యలోనే మానేసిన వాళ్ళలో ఎన్ని చిక్కు కేసులున్నాయో మీకు తెలుసా?" అంది. అక్కడితో మాట ఆగిపోయింది. తోడల్లుడు వచ్చాడు.

బుధవారం ఉదయం, శనివారం ఉదయం. ఆయన గది పక్కనే, ఇదివరకు పాత ఫైళ్ళు పడేసే గదిని ఖాళీ చేసి బల్ల, మంచం, దీపం పెట్టించారు. మధ్యలో ఉన్నది చెక్క పలకల గోడ. అవతల మాటలు ఇవతలికి అర్థం కావు కానీ, శబ్దం మాత్రం వస్తుంది. మొదటి బుధవారమే ఆయనకి ఆ గోడలోంచి నవ్వు వినిపించింది. రోగీ, డాక్టరూ ఇద్దరూ నవ్వుతున్నారు. చర్మం డాక్టరు గదిలో నవ్వడానికి ఏముంటుంది? ఇరవై రెండేళ్ళలో తన గదిలో ఎవరైనా అలా పగలబడి నవ్వారా అని వెనక్కి ఆలోచించాడు. ఒక్కరూ తట్టలేదు.

నెల తిరగకుండానే నర్సులు అతనికి "బుధవారం సారు" అని పేరు పెట్టారు. మరో రెండు నెలలకి అది వరండాలో కుర్చీల మీద కూర్చునే జనం నోటికి కూడా ఎక్కింది. "మాకు బుధవారం డాక్టరుకి రాయండమ్మా" అని అడిగి మరీ చీటీ రాయించుకోవడం మొదలుపెట్టారు. పెద్ద నర్సు ఒకరోజు, "ఆయన అయితే నిద్ర పడుతోందా, ఆకలేస్తోందా అని కూడా అడుగుతారండీ" అంది మెచ్చుకోలుగా. గజ్జి తగ్గాలంటే ఆకలి సంగతి ఎందుకమ్మా అని ఆయన నాలుక చివరిదాకా వచ్చింది. మింగేశాడు. మింగినవన్నీ అరిగే రకం కాదు ఆయన.

అసలు దెబ్బ ఇంట్లో తగిలింది. ఒక ఆదివారం అత్తగారి ఇంటికి భోజనానికి వెళితే, ఆవిడ మోచేతికి తెల్లగా ఏదో లేపనం రాసుకుని కనిపించింది.

"ఏంటండీ అది?" అన్నాడు.

"దురద నాయనా. నెల్లాళ్ళ నుంచీ గోక్కోలేక చచ్చాను. చిన్నల్లుడు రాసిచ్చాడు. చల్లగా ఉంది."

ఆయనకి తల తీసేసినట్టయింది. ఇరవై రెండేళ్ళ చర్మాల స్పెషలిస్టు ఇంట్లో ఉండగా అత్తగారు మోచెయ్యి పట్టుకుని తోడల్లుడి దగ్గరికి వెళ్ళింది! "నాకు చెప్పలేదేం మరి?" అన్నాడు, గొంతు మామూలుగా పెట్టడానికి నానా తంటాలూ పడుతూ.

"నువ్వెప్పుడూ పని మీద ఉంటావు కదయ్యా. అతనైతే బీపీ కూడా చూసేశాడు, పనిలో పనిగా. మోకాళ్ళ మాత్ర కూడా మార్చాడు" అంది అత్తగారు. ఆవిడ మనసులో కల్మషం లేదు. ఉంటే ఆయనకి కాస్త సులువుగా ఉండేది.

తిరిగొచ్చేటప్పుడు కారులో భార్య, "ఏంటి, అలా ఉన్నారు?" అంది.

"ఆ లేపనం తప్పు కాదు. కానీ నేనైతే అది రాయను."

"తప్పు కాదంటున్నారు కదా, ఇంకేం!"

"నేనైతే రాయనంటున్నాను."

భార్య కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చుంది. చెల్లెలి మొగుడి మీద ఈయన కుళ్ళు ఆవిడకి అప్పటికే కొంత తెలుసు. నోరు విప్పితే పెద్దదవుతుందని ఊరుకునేది.

ఆ తర్వాత రిటైరైన పోస్ట్‌మన్ వ్యవహారం వచ్చింది. ఆ పెద్దమనిషి ఒళ్ళంతా దురదని ఐదు నెలలు చర్మాల డాక్టరు చుట్టూ తిరిగాడు. ఆయన లేపనాలు మార్చాడు, సబ్బు మార్చాడు, దుప్పటి మార్పించాడు. దురద మారలేదు. పోస్ట్‌మన్ ఒకనాడు దగ్గు మందు కోసం తోడల్లుడి సొంత క్లినిక్‌కి వెళ్ళి, మాటల్లో దురద సంగతి చెప్పాడట. "ఎప్పుడెక్కువ?" అని అడిగాడట తోడల్లుడు. "స్నానం చేశాక బాబూ. నీళ్ళు పడితే చాలు" అన్నాడట. మొహం ఎర్రగా కందిపోయి ఉండటం చూసి అతను రక్త పరీక్ష రాశాడు. రక్తం చిక్కబడిపోయే జబ్బు బయటపడింది. అలాగే వదిలేస్తే పక్షవాతం వచ్చేదట. పోస్ట్‌మన్ స్వీట్ల పెట్టె పట్టుకుని రెండో అంతస్తుకి వచ్చి, చర్మాల డాక్టరు గది తలుపు తోసి, "బుధవారం డాక్టరు గారి గది ఇదేనాండీ?" అన్నాడు. లోపల ఎవరున్నారో చూసుకుని నాలిక కరుచుకున్నాడు.

ఆ జబ్బు ఆయనకి తెలియక కాదు. స్నానం తర్వాత వచ్చే దురద గురించి ఆయన పరీక్షల్లో జవాబు రాశాడు, కుర్ర డాక్టర్లకి పాఠం చెప్పాడు. అడగలేదు, అంతే. రోజుకి అరవై మందిలో ఆ ముసలాయనకి నాలుగు నిమిషాలు. నాలుగు నిమిషాల్లో చర్మం చూశాడు. చర్మం మీద ఏమీ లేదు.

ఈ సంగతి ఒప్పుకుని ఊరుకునే మనసైతే కథ ఇక్కడితో అయిపోయేది. ఆయన వేరే దారి పట్టాడు. విభాగానికి పెద్ద కాబట్టి ఎవరు చూసిన కేసైనా కంప్యూటర్లో తెరిచి చూసే హక్కు ఆయనకుంది. మధ్యాహ్నం రోగులు వెళ్ళిపోయాక తలుపు దగ్గరగా వేసుకుని, తోడల్లుడు చూసిన కేసులు ఒక్కొక్కటీ తెరవడం మొదలుపెట్టాడు. పర్యవేక్షణ అని తనకి తాను చెప్పుకున్నాడు. ఒక నోటుపుస్తకం పెట్టుకున్నాడు. మూడు వారాల్లో నూట నలభై కేసులు చూస్తే పుస్తకంలోకి ఎక్కినవి ఆరు. తామరకి నాలుగు వారాలు రాయాల్సిన లేపనం రెండు వారాలే రాశాడు. ఒక చోట జుట్టు రాలడానికి అక్కర్లేని పరీక్ష రాయించాడు. ఇలాంటివి. వెతికిన కొద్దీ దొరక్కపోవడం కంటే, మంచిగా రాసినవి కనబడటం ఎక్కువ మండించింది. ఒకచోట అతను "ఈ మచ్చ ఏమిటో నాకు తెలియదు, అన్నయ్యకి చూపించాలి" అని రాసుకున్నాడు. అన్నయ్య అంటే ఈయనే. నిజంగానే చూపించాడు కూడా. ఆయన ఆ రోజు విసుగ్గా చెప్పి పంపించాడు.

ఆ వారమే గురువారం నాడు మీటింగు ఉంది. తోడల్లుణ్ణి ఇంకో రెండేళ్ళు కొనసాగించాలా వద్దా అని తేల్చే మీటింగు. సోమవారం మధ్యాహ్నం మూడు దాటాక ఆయన ఒక ఫైలు తెరిచాడు. రోగి, బడిపిల్లల యూనిఫాములు కుట్టే దర్జీ ఆవిడ. నలభై ఆరేళ్ళు. ఎడమ మడమ కింద నల్లటి మచ్చ. తోడల్లుడు అంతకు ముందు శనివారం చూశాడు. "రోజంతా మిషను తొక్కే పని. ఒత్తిడి వల్ల లోపల రక్తం చేరినట్టుంది. ఆరు వారాల తర్వాత మళ్ళీ చూడాలి" అని రాశాడు. కింద లెన్సుతో తీసిన ఫొటో ఉంది.

ఆయన ఫొటో పెద్దది చేశాడు. అరికాలి చర్మం మీద గట్లూ కాలవల్లాగా గీతలుంటాయి. మామూలు పుట్టుమచ్చకి రంగు కాలవల్లో ఉంటుంది. దీనికి రంగు గట్ల మీద ఉంది, ఒకవైపు చిక్కగా, ఒకవైపు పలచగా. రక్తం కాదు. చూడగానే తెలిసింది ఆయనకి. క్యాన్సరు కావడానికే ఎక్కువ అవకాశం. పన్నెండేళ్ళ కిందట ఇలాంటిదే ఒకటి పట్టుకుని ఒక మనిషి కాలు నిలబెట్టాడు.

మొదట కలిగింది సంతోషం. ఆ సంగతి దాచడానికి లేదు. కుర్చీలో వెనక్కి వాలి, గుండె నిండా గాలి పీల్చుకున్నాడు. దొరికాడు! ఇరవై రెండేళ్ళ చదువుకీ ఆదివారపు చదువుకీ ఉన్న తేడా ఇదిగో, తెర మీద పట్టపగల్లా కనిపిస్తోంది. ఆ తర్వాత, కాస్త ఆలస్యంగా, మడమ గుర్తొచ్చింది. ఫైల్లో ఆవిడ ఫోన్ నంబరుంది. రిసీవరు ఎత్తాడు. నాలుగు అంకెలు నొక్కాడు.

ఇప్పుడు ఫోన్ చేస్తే ఏమవుతుంది? ఆవిడ రేపు వస్తుంది. తను మచ్చలోంచి ముక్క తీసి పరీక్షకి పంపిస్తాడు. తోడల్లుడు "థాంక్స్ అన్నయ్యా" అంటాడు. గురువారానికి అది చల్లారిపోయిన సంగతి. "ఇద్దరూ కలిసి ఎంత బాగా పట్టుకున్నారో చూడండి" అంటుంది సూపరింటెండెంటు. అదే మీటింగులో ఈ ఫొటో పెడితే?

మూడు రోజులకి ఇలాంటి మచ్చ ఏమీ పెరిగిపోదు. ఇది వైద్యపరంగా నిజం. ఆ నిజాన్ని అడ్డం పెట్టుకుని ఆయన రిసీవరు కింద పెట్టాడు. పేజీ ప్రింటు తీసి, మడిచి, నోటుపుస్తకంలో పెట్టుకున్నాడు.

మంగళవారమంతా ఆయన హుషారుగా ఉన్నాడు. అన్నం ఇంకాస్త వడ్డించుకున్నాడు. "ఏంటి విశేషం?" అంది భార్య. "ఏం లేదు" అన్నాడు. చేతులు కడుక్కుంటూ ఒకసారి అద్దంలో తన మొహం చూసుకుని, చూపు తిప్పుకున్నాడు.

బుధవారం ఒంటిగంటకి, రోగులందరూ వెళ్ళాక, తోడల్లుడు తలుపు దగ్గరికొచ్చి నిలబడ్డాడు. చేతిలో ఫోనుంది. మొహం వాడిపోయి ఉంది.

"అన్నయ్యా, ఒక్క ఫొటో చూస్తారా? నాకేదో తేడాగా ఉంది. నిన్న ఒక ముసలమ్మని చూడటానికి వాళ్ళింటికి వెళ్ళాను. వాళ్ళ కోడలు మిషను మీద కుడుతోంది. కుడికాలితోనే నొక్కుతోంది, ఎడంకాలు ఊరికే నేల మీదుంది. నేను శనివారం చూసినావిడకి మచ్చ ఎడమ మడమకి. ఆవిడదీ మోటారు మిషనే. ఒత్తిడని రాసి పంపించేశాను..."

ఎదురుగా బల్ల మీద నోటుపుస్తకం, దానిలో మడతపెట్టిన కాగితం. చర్మాల డాక్టరు పుస్తకాన్ని దగ్గరికి లాక్కున్నాడు. ఇప్పుడు చూస్తే అంతా పోయినట్టే.

"నాకు పనుందయ్యా ఇప్పుడు. రేపు మీటింగయ్యాక చూద్దాం."

"ఒక్క నిమిషం అన్నయ్యా."

"రేపు చూద్దామన్నానా!"

తోడల్లుడు "సరేనండీ" అని వెళ్ళిపోయాడు. ఆయన బల్ల మీద రెండు చేతులూ పెట్టుకుని కూర్చున్నాడు. లేచి వెళ్ళి పిలుద్దామనుకున్నాడు. మెట్ల మీద అడుగుల చప్పుడు కిందిదాకా వినపడింది. లేవలేదు.

గురువారం మీటింగులో ఐదుగురున్నారు. సూపరింటెండెంటు, పెద్ద నర్సు, పిల్లల డాక్టరు, తోడల్లుడు, ఈయన. సూపరింటెండెంటు లెక్కలు చదివింది. క్యూ నాలుగు నెలల నుంచి ఐదు వారాలకి దిగింది. రోగులు బాగుందంటున్నారు. "మీ అభిప్రాయం?" అని ఆయనవైపు తిరిగింది.

ఆయన కాగితం మడత విప్పి బల్ల మధ్యలో పెట్టాడు. గొంతు సవరించుకున్నాడు. ఈ మాటలు రెండు రోజులుగా లోపల చదువుకుంటున్నాడు కాబట్టి తడబాటు లేకుండా వచ్చాయి. "నాకు ఎవరి మీదా వ్యక్తిగతంగా ఏమీ లేదు. మా తోడల్లుడు మంచి మనిషి, మంచి డాక్టరు. కానీ ఒక చేత్తో దగ్గులూ జ్వరాలూ చూస్తూ, ఇంకో చేత్తో ఈ పని చేస్తే ఏమవుతుందో ఈ ఫొటో చెబుతుంది. ఇది రక్తం అని రాశారు. ఇది క్యాన్సరు."

పిల్లల డాక్టరు కాగితం తనవైపు లాక్కుని చూశాడు. సూపరింటెండెంటు తన ముందున్న కంప్యూటర్లో ఆ ఫైలు తెరిచింది. చదివింది. కళ్ళజోడు తీసి మళ్ళీ పెట్టుకుంది.

"మీరు చెప్పింది సరైనదే" అంది. "కానీ ఇందులో నిన్న సాయంత్రం ఇంకో మాట చేర్చి ఉంది. 'నా మొదటి అంచనా తప్పు. రోగికి ఫోన్ చేసి రప్పించాను. కింద సర్జరీలో ముక్క తీయించి పరీక్షకి పంపాను.' ఐదున్నరకి."

ఆయన తోడల్లుడి వైపు చూశాడు. అతను బల్లకేసి చూస్తున్నాడు.

"ఇంకొకటి" అంది సూపరింటెండెంటు. "ఈ ఫైలు ఎవరెప్పుడు తెరిచారో కింద పడుతుంది. సోమవారం మధ్యాహ్నం మూడుంబావుకి మీ పేరుంది. అప్పుడే మీకు అనుమానం వచ్చిందా?"

"వచ్చింది."

"ఆవిడకి ఫోన్ చేశారా?"

"లేదు" అన్నాడు.

"ఈయనకి చెప్పారా?"

తోడల్లుడు తలెత్తాడు. "మేడమ్, తప్పు నాది. మొదట చూసింది నేను. ఆ రోజు శనివారం. అడుగుదామంటే పక్క గదిలో అన్నయ్య ఉండరు, శనివారం ఆయనకి సెలవు. అడగకుండా రాసేశాను. అది నా పొరపాటే. ఇంకెవరిదీ కాదు."

నిన్న ఒంటిగంటకి తలుపు దగ్గర నిలబడ్డ సంగతి అతను ఎత్తలేదు. ఎత్తుతాడని ఆయన ఎదురుచూస్తూ కూర్చున్నాడు. ఎత్తకపోయేసరికి, ఎత్తితేనే నయమనిపించింది. సూపరింటెండెంటు ఆ ముగ్గురి ముందే, "సోమవారం తెలిసిన మనిషి గురువారం దాకా ఆగారు. దీన్ని ఏమని రాసుకోమంటారు?" అంది. ఆయన బల్ల మీది కాగితాన్ని మళ్ళీ మడిచాడు. మీటింగు వాయిదా పడింది.

మెట్ల మలుపు దగ్గర ఆయన తోడల్లుణ్ణి ఆపాడు. "నిన్న నా గదికి వచ్చావని చెప్పలేదేం?"

"చెప్తే ఏమొస్తుంది? ఇంటిదాకా వెళుతుంది. వదిన మొహం మీరూ చూడలేరు, నేనూ చూడలేను." రెండు మెట్లు దిగి మళ్ళీ వెనక్కి తిరిగాడు. "నేను తలుపు దగ్గర నిలబడ్డప్పుడు మీకు తెలుసు కదూ, ఏ ఫొటోనో?"

"తెలుసు."

అతను దిగిన రెండు మెట్లూ మళ్ళీ ఎక్కాడు. ఇన్నేళ్ళలో ఆయన ఆ మనిషికి కోపం రావడం చూడలేదు. "ఆవిడ ఏం చేసింది అన్నయ్యా మిమ్మల్ని? మీకు నా మీద కోపముంటే నన్ను తిట్టాల్సింది. చెంప పగలగొట్టినా పడేవాణ్ణి."

"కోపం కాదు."

"మరేంటి?"

వార్డులోంచి ఎవరో బకెట్టు ఈడ్చుకుపోతున్నారు. అది దూరమయ్యేదాకా ఆగి, "కుళ్ళు" అన్నాడు ఆయన. ఆ మాట నోట్లోంచి రావడానికి ఆయన యాభై మూడేళ్ళ వయసంతా పట్టినట్టుంది.

తోడల్లుడు నవ్వుతాడేమో అనుకున్నాడు. నవ్వలేదు. మెట్టు మీద కూలబడ్డాడు. "నేనా కోర్సు ఎందుకు చదివాననుకున్నారు? చర్మం మీద ప్రేమ పొంగిపోయా? ఏ ఫంక్షన్‌కి వెళ్ళినా మీరు స్పెషలిస్టు, నేను 'అతనూ డాక్టరే'. నా దగ్గరికి రోజుకి యాభై మంది వస్తారు. ఒక్కడికీ నేను డాక్టర్నని గుర్తుండదు, పెద్ద జబ్బొస్తే మీలాంటి వాళ్ళ దగ్గరికి పరిగెడతారు. ఒక్క విషయమైనా నాకు మీకు తెలిసినంత తెలియాలనుకున్నాను. తెలియలేదు. ఆ మచ్చ దగ్గర తెలిసింది, తెలియలేదని."

ఆ మాటలు విని ఆయన జాలి పడాల్సిన చోట, ఇంతకాలం అతను కూడా తనని చూసి ఏడ్చాడన్న కబురు లోపల ఎక్కడో తీయగా తగిలింది. తన మీద తనకే రోత పుట్టింది.

పది రోజులకి రిపోర్టొచ్చింది. క్యాన్సరే. కానీ పైపొరలోనే ఉంది, లోతుకి దిగలేదు. చుట్టూ కాస్త వెడల్పుగా కోసి తీసేసి, తొడ మీద చర్మం తెచ్చి అతికిస్తే సరిపోతుంది. కాలికి భయం లేదు. ఈ మాట ఆవిడకి చెప్పాల్సింది చర్మాల డాక్టరే అని సూపరింటెండెంటు తేల్చింది. తోడల్లుడు కూడా వస్తానన్నాడు. "ముందు నన్ను ఒక్కణ్ణీ మాట్లాడనీ" అన్నాడు ఆయన.

దర్జీ ఆవిడ జాకెట్టుకి రెండు సూదులు గుచ్చుకుని, దారం చుట్టిన వేలితో వచ్చింది. పని మధ్యలో లేచొచ్చినట్టుంది. చెప్పిందంతా వింది. "నడవగలనా సార్?" అంది. నడవగలవన్నాడు. "కుట్టగలనా?" కుట్టగలవన్నాడు. ఆవిడ భుజాలు కిందికి దిగాయి.

అక్కడితో ఆపేయొచ్చు. ఎవరూ అడగలేదు. ఆయన కలం మూత తీసి, పెట్టి, మళ్ళీ తీశాడు.

"ఇంకొకటి చెప్పాలమ్మా. ఆ డాక్టరుగారు నిన్ను బుధవారం పిలిపించారు. నేను నీ ఫొటో సోమవారమే చూశాను. చూడగానే అనుమానం వచ్చింది. ఫోన్ చేయలేదు."

ఆవిడకి ముందు అర్థం కాలేదు. "సోమవారమా?" అంది.

"సోమవారం."

"సోమవారం నేను కొట్లోనే ఉన్నాను సార్. ఫోన్ మిషను మీదే ఉంది." తప్పు తనవైపు ఏమైనా ఉందేమోనని వెతుకుతున్నట్టు అంది. తర్వాత ఆయన మొహంలోకి చూసింది. "ఎందుకు చేయలేదు?"

దానికి ఆయన దగ్గర మూడు రోజుల్లో మచ్చ పెరగదన్న జవాబుంది. అది చెప్పలేదు. "చేయాల్సింది. తప్పు చేశాను" అన్నాడు.

ఆవిడ వేలికున్న దారం విప్పేసింది. క్షమించాననలేదు, తిట్టలేదు. లేస్తూ, "ఆపరేషన్ రోజు ఆ సార్‌ని కూడా ఉండమనండి" అంది. "తను పొరపాటు పడ్డానని ఫోన్‌లో తనే చెప్పాడు, నేను అడక్కముందే."

అంత జరిగినా, ఆ మాట వినగానే ఆయనలో పాత కుళ్ళు ఒక్కసారి లేచింది. తలూపి, "ఉంటారు" అన్నాడు.

ఆపరేషన్ బాగా జరిగింది. అతికించిన చర్మం పట్టుకుంది. రెండు నెలలకి ఆవిడ మళ్ళీ మిషను మీద కూర్చుంది. వాయిదా పడ్డ మీటింగులో తోడల్లుణ్ణి మరో ఏడాదికి ఉంచారు. అతను శనివారాలు మానేశాడు, తనంతట తనే. అడగడానికి పక్క గదిలో మనిషి లేని రోజున పని చేయనన్నాడు. ఆయన తన బుధవారాల్లో మొదటి గంట ఖాళీ పెట్టుకున్నాడు. నల్లమచ్చ ఏది వచ్చినా ఇద్దరూ చూస్తారు. ఒళ్ళంతా దురద అని ఎవరొచ్చినా ఇద్దరూ చూస్తారు. మొదటి వారాల్లో ఒకరి మొహం ఒకరు చూసుకోకుండా రోగి కాలినే చూస్తూ మాట్లాడుకున్నారు. తర్వాత తర్వాత కాస్త నయం. ఒకసారి తోడల్లుడు అడిగిన ప్రశ్నకి ఆయన పుస్తకం తీసి వెతకాల్సొచ్చింది. ఒకసారి ఆయన కుష్ఠు అనుకున్నదాన్ని తోడల్లుడు షుగరు వల్ల వచ్చిన తిమ్మిరని తేల్చాడు. ఆ రోజు మధ్యాహ్నం ఆయన ఎవరితోనూ మాట్లాడలేదు.

ఏడాది తిరిగాక సూపరింటెండెంటు ఒక కాగితం పంపింది. మామూలు వైద్యం చేసే డాక్టరు, వారానికొక పూట ఈ విభాగంలో పని చేయడం సరైనదేనా, కొనసాగించవచ్చా, మీ అభిప్రాయం రాతపూర్వకంగా ఇవ్వండి అని. పాత సంగతులు తెలిసి కూడా తననే ఎందుకు అడిగిందో ఆయనకి అర్థం కాలేదు. బహుశా తెలిసే అడిగి ఉంటుంది.

ఒక మధ్యాహ్నమంతా ఆ కాగితం ముందు కూర్చున్నాడు. అర పేజీ రాసి చింపేశాడు. రెండోసారి రాసిందీ చింపేశాడు. చివరికి, "కొనసాగించవచ్చు. ఒంటరిగా వదిలేయకూడదు. నా గదిలో కూడా ఇదే పద్ధతి పెట్టండి" అని మూడు మాటలు రాశాడు. గోడ అవతల తోడల్లుడు ఎవరితోనో ఏదో అన్నాడు, ఎవరో నవ్వారు. వద్దు అని రాయడానికి నిజంగా ఒక్క కారణమైనా దొరికి ఉంటే ఎంత బాగుండేదో అని ఆయనకి ఆ క్షణాన అనిపించింది. కాసేపు వెతికాడు. కారణం ఏదీ దొరకలేదు. సంతకం పెట్టి, నర్సుని పిలిచి కాగితం ఇచ్చేశాడు.